ఆగిపోయిన లోలకం గడియారాన్ని నడిపించుకున్న తీరు: నా అనుభవం

మా పెదనాన్న ఇంటి అటక మీద పడున్న గోడ గడియారం తెచ్చుకున్నాను. కీ ఇచ్చి లోలకం ఊపితే కాసేపు ఆడి ఆగిపోయేది. ఒక షాపులో చూపిస్తే "లోపలిదంతా తీసేసి సెల్లు మిషన్ పెట్టించుకోండి" అన్నారు. మనసొప్పలేదు.

స్ప్రింగు బలానికి అడ్డు లేకపోతే ముళ్లు గిర్రున తిరిగేస్తాయి. అందుకే చివరి పళ్ల చక్రం మీద లంగరు ఆకారంలో ఉక్కు ముక్క ఒకటి ఉంటుంది. లోలకం ఇటు ఊగితే ఒక కొన పన్నును వదులుతుంది, అటు కొన ఇంకో పన్నును పట్టేస్తుంది. మనం వినే టిక్కు ఆ పన్ను వచ్చి తగిలిన చప్పుడే. తప్పించుకుపోయే పన్ను పోతూపోతూ లంగరును చిన్నగా నెడుతుంది. లోలకం అలసిపోకుండా ఊగేది ఆ నెట్టుడుతోనే. దీన్నే ఎస్కేప్‌మెంట్ అంటారు. ఎంత చూసినా తనివి తీరదు నాకు.

ముందు స్ప్రింగు బిగువంతా వదిలించాను. బిగువుండగా ప్లేట్లు విప్పితే చక్రాల పళ్లు విరుగుతాయి, వేళ్లకూ ప్రమాదమే. గట్టిపడ్డ పాత నూనె తుడిచి, ఇరుసులు తిరిగే రంధ్రాల దగ్గర మాత్రం గడియారాల నూనె చుక్క పెట్టాను. చక్రాల పళ్లకు రాయకూడదు, దుమ్ము పడుతుంది.

అయినా ఆగింది. అసలు సంగతి చప్పుడులో ఉంది. టిక్-టక్... టిక్-టక్... అంటూ కుంటుతోంది. రెంటి మధ్యా ఎడం సమానంగా లేకపోతే ఒకవైపు ఊపు చాలక పన్ను వదలదు. గడియారం అడుగుభాగాన్ని మెల్లగా పక్కకు జరుపుతూ విన్నాను. ఎడమకు జరిపినప్పుడు సమానమైంది. మళ్లీ నిటారుగా పెట్టి, లంగరు నుంచి లోలకం దాకా దిగే సన్నటి కడ్డీని ఎడమకే రవ్వంత వంచాను. అటు జరిపితే సరిపడిందంటే కడ్డీని కూడా అటే వంచాలి. టిక్... టక్... టిక్... టక్... ఇక ఆగలేదు.

మిగిలింది టైము సర్దడం. సెకనుకు రెండుసార్లు కొట్టే లోలకం పొడవు సుమారు 25 సెంటీమీటర్లు. గుండు 1 మిల్లీమీటరు దిగితే రోజుకు దాదాపు 3 నిమిషాలు వెనకబడుతుంది. అందుకని కింది నట్టును పావు చుట్టు తిప్పడం, ఒక రోజు ఆగి చూడడం, మళ్లీ తిప్పడం. స్టీలు కడ్డీ అయితే 10 డిగ్రీల వేడి పెరిగినా రోజుకు 5 సెకన్లు తగ్గుతుంది. మా దానిది చెక్క కడ్డీ, వేడికి అంతగా సాగదు. వేసవిలో నట్టు జోలికి పోలేదు.