చిట్టా, ఆవర్జా, కోస్టారికా: ఒక సీజన్ లెక్క

జులై 2021

ఈ ఏడాది కోస్టారికా ఫస్ట్ డివిజన్ ఫుట్‌బాల్ సీజన్ మొత్తాన్ని చేత్తో రాస్తున్నాను. స్కోరు చూసి ఊరుకోవడం కాదు, ప్రతి మ్యాచ్, ప్రతి పాయింటు కాగితం మీద పడాలి.

కోస్టారికాయే ఎందుకంటే, 2014 ప్రపంచకప్. ఇటలీ, ఇంగ్లండ్, ఉరుగ్వే ఉన్న గ్రూపులో ఆ జట్టుని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. వాళ్లేమో మొదటి స్థానంలో నిలిచి, గ్రీస్‌ని పెనాల్టీల్లో దాటి, క్వార్టర్ ఫైనల్లో నెదర్లాండ్స్ దగ్గర మళ్లీ పెనాల్టీల్లోనే ఆగారు. ఆ గోల్‌కీపర్ కేలర్ నవాస్ సప్రిస్సా క్లబ్ నుంచి వచ్చినవాడు. కెప్టెన్ బ్రయాన్ రూయిజ్ అలహ్వెలెన్సే నుంచి. అతను యూరప్ అంతా తిరిగి ఇప్పుడు మళ్లీ సొంత క్లబ్‌కే ఆడుతున్నాడు. ఏడేళ్ల నుంచి ఈ క్లబ్బుల పేర్లు వినడమే కానీ వాటి వెనక ఏముందో నాకు తెలియదు.

200 పేజీల లాంగ్ నోట్‌బుక్ ఒకటి తెచ్చి గీతలు కొడుతుంటే నాన్న చూశాడు. గుంటూరు మిర్చి యార్డు దగ్గర కమీషన్ కొట్లో ముప్ఫై ఏళ్లు గుమాస్తాగా చేసినవాడు. లెక్క అనే మాట వినబడితే టీవీ ఆపేసి వస్తాడు.

"ఏరా, అన్నీ ఒకే వరసలో రాసుకుంటూ పోతే రేపు ఒక జట్టు సంగతి కావాలంటే పుస్తకమంతా తిరగేస్తావా?"

"మరెలా నాన్నా?"

"రోజు ప్రకారం రాసేది చిట్టా. ఎవరి ఖాతా వాళ్లకుండేది ఆవర్జా. రెండు పుస్తకాలు పెట్టు."

పెట్టాను. చిట్టాలో తేదీ, రౌండు, సొంత మైదానం జట్టు, వచ్చిన జట్టు, గోల్స్. ఆవర్జాలో జట్టుకు నాలుగేసి పేజీలు. ఒక మ్యాచ్ చిట్టాలో ఒకసారి, ఆవర్జాలో రెండు ఖాతాల్లోనూ పడుతుంది. సొంత మైదానంలో ఆడింది నీలం పెన్ను, బయట ఆడింది ఎరుపు. జట్లు 12. ఒక్కొక్కటి మిగతా 11 జట్లతో రెండేసిసార్లు ఆడుతుంది కాబట్టి 22 రౌండ్లు, రౌండుకి 6 మ్యాచ్‌లు, మొత్తం 132. ఇది సగం సంవత్సరమే. జులై నుంచి డిసెంబర్ దాకా అపెర్తురా అనే టోర్నీ, జనవరి నుంచి మే దాకా క్లౌసురా అనే ఇంకో టోర్నీ. దేని ఛాంపియన్ దానికే. వీటిని పూర్వం వానాకాలం టోర్నీ, ఎండాకాలం టోర్నీ అనేవాళ్లని చెబితే నాన్న వెంటనే, "అంటే సార్వా, దాళ్వా" అన్నాడు. అప్పటి నుంచి మా ఇంట్లో అవే పేర్లు.

ఆగస్టు

టైముల గొడవ. కోస్టారికా మనకంటే పదకొండున్నర గంటలు వెనక. అమెరికాలోలాగా ఏడాదికి రెండుసార్లు గడియారం మార్చే పని అక్కడ లేదు, అదొక్కటే సుఖం. చిట్టా లోపలి అట్టకు ఈ చీటీ అంటించాను:

అక్కడ శనివారం సాయంత్రం 6 అంటే ఇక్కడ ఆదివారం తెల్లవారి 5:30
అక్కడ రాత్రి 8 అంటే ఇక్కడ మర్నాడు పొద్దున 7:30
అక్కడ ఆదివారం పగలు 11 అంటే ఇక్కడ అదే ఆదివారం రాత్రి 10:30
అక్కడ ఆదివారం మధ్యాహ్నం 3 అంటే ఇక్కడ అర్ధరాత్రి దాటాక 2:30, అది వదిలేయడమే

మొదటి మూడు వారాలు మన తేదీలు వేశాను. అది తప్పు. బుధవారం రాత్రి మ్యాచ్ నా పుస్తకంలో గురువారానికి పోయింది, అక్కడి పత్రికలతో పోల్చుకుంటే ఏదీ కలవదు. మళ్లీ మొదటి నుంచి అక్కడి తేదీలే దిద్దాను. ఎవరైనా ఇలాంటి పని మొదలుపెడితే ఈ ఒక్క విషయం ముందే తేల్చుకోండి: మ్యాచ్ ఎక్కడ జరిగితే తేదీ అక్కడిదే.

వీడియో సంగతి చెప్పనక్కర్లేదు. ఒక సర్వీసుకి నెల డబ్బు కట్టాక, మీ దేశంలో ఈ మ్యాచ్‌లు కనబడవని తెరమీద వేశాడు. వాపసు అడిగితే జవాబు లేదు. అందుకని రేడియోకి మారాను. అక్కడి స్టేషన్లు చాలావరకు ఇంటర్నెట్‌లో వస్తాయి. స్పానిష్ రాకపోయినా గోల్ పడితే తెలియకపోవడం అనేది ఉండదు. ఎంపాతే అంటే డ్రా, విసీత అంటే బయటి నుంచి వచ్చిన జట్టు, తీరో దె ఎస్కీనా అంటే కార్నర్. ముప్ఫై నలభై మాటలతో మ్యాచ్ నడిచిపోతుంది.

సెప్టెంబర్

ఒక పొద్దున్నంతా పిచ్చెక్కింది. వ్యాఖ్యాత మాటిమాటికీ "లా లీగా" అంటాడు. స్పెయిన్ లీగ్ గొడవ వీళ్లకెందుకు అనుకున్నాను. తర్వాత అర్థమైంది. అలహ్వెలెన్సే పూర్తి పేరు లీగా దెపోర్తీవా అలహ్వెలెన్సే. అందుకని ఆ దేశంలో "లా లీగా" అంటే ఆ క్లబ్బే. దానికి తోడు ఎరెదియానో అనే ఇంకో క్లబ్‌ని "ఎల్ టీమ్" అని పిలుస్తారు, ఇంగ్లీషు మాటనే వాడి. అంటే ఆ రెండూ ఆడిన రోజు లీగ్, టీమ్ మీద గెలిచింది అని వినబడుతుంది. ఇక ఎవరు ఎవరి మీద గెలిచినట్టు?

వెతకడంలోనూ ఇదే తంటా. గ్రెసియా క్లబ్ కోసం పేరు కొడితే గ్రీస్ దేశం వస్తుంది. సాంతోస్ అని కొడితే బ్రెజిల్ క్లబ్ వస్తుంది, మనకు కావలసింది గ్వాపిలెస్ ఊరి సాంతోస్. క్లబ్ పేరు పక్కన ఊరు పేరు కలిపి వెతకాలి.

ఆవర్జాలో పేజీలు నిండుతుంటే ఒక్కో జట్టుకు ఒక్కో ముఖం ఏర్పడుతోంది. ఊదారంగు సప్రిస్సా, శాన్ హోసే పక్కనే తిబాస్‌లో ఉంటుంది. ఎరుపు నలుపు చారల అలహ్వెలెన్సే, 1919లో పుట్టింది. ఎరుపు పసుపు ఎరెదియానో, 1921. దేశం టైటిళ్లలో ఎక్కువ భాగం ఈ ముగ్గురి మధ్యే తిరిగింది. అప్పుడప్పుడు బయటివాళ్లు ఒకరు దూరతారు: 2017 అపెర్తురాలో దక్షిణాది పేరెస్ సెలెదోన్, 2019 క్లౌసురాలో సాన్ కార్లోస్.

ఇక కార్తహినేస్. 1906లో పుట్టిన క్లబ్, పై ముగ్గురి కంటే పాతది. ఊరు కార్తాగో, ఒకప్పటి రాజధాని, ఇరాసూ అగ్నిపర్వతం వాలులో ఎప్పుడూ పొగమంచు. అందుకే వాళ్ల జట్టుని పొగమంచువాళ్లంటారు. ఛాంపియన్ అయిన సంవత్సరాలు: 1923, 1936, 1940. అంతే, ఆ తర్వాత ఒక్కటీ లేదు. ఆ ఖాతా తలభాగంలో ఈ మూడు సంవత్సరాలు రాసి, కింద గీత కొట్టాను. నాన్న చూసి, "ఎనభై ఏళ్ల పాత బాకీ, ఇదిక రాదురా, కొట్టేయ్" అన్నాడు.

అక్టోబర్

లెక్క తాళా పడలేదు.

ప్రతి అయిదు రౌండ్లకీ సరిచూసుకునే పద్ధతి నాన్న నేర్పింది. మూడు పరీక్షలు. అన్ని జట్ల గెలుపుల మొత్తం, ఓటముల మొత్తం ఒకటి కావాలి. వేసిన గోల్స్, తిన్న గోల్స్ ఒకటి కావాలి. మూడోది నేను కనిపెట్టింది, కాస్త గర్వంగానే చెబుతున్నాను: గెలుపుకి 3 పాయింట్లు, డ్రా అయితే ఇద్దరికీ కలిపి 2 కాబట్టి, మొత్తం పాయింట్లు అంటే మ్యాచ్‌ల సంఖ్యను మూడుతో గుణించి అందులోంచి డ్రాలు తీసేస్తే వచ్చేది. రౌండుకి 18 లోంచి డ్రాలు తీసేయడమే.

గోల్స్ కలిశాయి. గెలుపులు, ఓటములు కలిశాయి. మూడో పరీక్ష కూడా కలిసింది. కానీ పత్రికలో పట్టిక చూస్తే రెండు జట్లకు నా దగ్గర ఒక్కో పాయింటు ఎక్కువ. రెండు రాత్రులు పోయాయి. చివరికి నాన్న చిట్టా మీద వేలు పెట్టి పై నుంచి కిందికి దించుకుంటూ వచ్చి ఒకచోట ఆపాడు.

"ఈ మ్యాచ్ జరిగిందా?"

జరగలేదు. వాయిదా పడింది. ఖాళీగా వదలాల్సిన చోట 0–0 అని రాసి డ్రాగా ఎక్కించాను. ఆడని మ్యాచ్‌కి పద్దు రాస్తే మూడు పరీక్షలూ శుభ్రంగా కలిసిపోతాయి, అదీ ప్రమాదం. ఇప్పుడు వాయిదా మ్యాచ్‌కి పెన్సిల్‌తో ఒక సున్నా చుట్టి లోపల "రె" అని రాస్తున్నాను, అక్కడివాళ్లు రెప్రోగ్రామాదో అంటారు కాబట్టి. రేడియోలో ఆ మాట వినబడితే పెన్సిల్ తీయడమే.

డిసెంబర్

సార్వా అయిపోయింది. ఛాంపియన్ ఎరెదియానో, వాళ్లకిది 29వ టైటిల్. నాకు మాత్రం మిగిలింది నాకౌట్ పద్ధతి అర్థం చేసుకున్న తృప్తి. 22 రౌండ్లయ్యాక మొదటి నలుగురు సెమీఫైనల్ ఆడతారు, గెలిచిన ఇద్దరూ ఫైనల్ ఆడతారు. అంతవరకూ మామూలే. ఆ ఫైనల్ గెలిచినవాడు పట్టికలో మొదటివాడు కాకపోతే, పట్టికలో మొదటివాడితో మళ్లీ ఒక పెద్ద ఫైనల్. అన్ని నెలలు ముందు నడిచినవాడికి అది రెండో అవకాశం. నాకు ఈ పద్ధతి నచ్చింది. నాన్నకి నచ్చలేదు. "ఓడిపోయినవాడికి మళ్లీ అప్పివ్వడమే" అంటాడు.

జనవరి 2022

కొత్త పుస్తకం తెరిచే ముందు ఒక సందేహం. పాత పాయింట్లు ముందుకు తేవాలా వద్దా? క్లౌసురా సున్నా నుంచి మొదలవుతుంది. కానీ కింది డివిజన్‌కి ఎవరు పడిపోవాలో రెండు టోర్నీల పాయింట్లు కలిపిన పట్టిక తేలుస్తుంది. దాన్ని తాబ్లా అకుములాదా అంటారు. అందుకని ప్రతి ఖాతాలో రెండు నిల్వలు: ఒకటి ఖాళీగా, ఇంకోటి వెనక నుంచి తెచ్చినది.

"అంటే సార్వాలో కప్పు కొట్టినవాడికి దాళ్వాకి ఏమీ మిగలదా?"

"ఏమీ మిగలదు నాన్నా. అడుగున ఉన్నవాడికి మాత్రం బాకీ అలాగే ఉంటుంది."

"మన యార్డు లాగానే ఉందిరా."

ఈ నెల్లో, మార్చిలో జాతీయ జట్టు ప్రపంచకప్ అర్హత మ్యాచ్‌లున్నాయి. ఆ ఖాళీ వారాల్లో అట్టలు వేసుకోవడం, వెనకటి అంకెలు సరిచూడడం. 

ఫిబ్రవరి

ఆఫీసు పని ఎక్కువై రెండు రౌండ్లు రేడియో వినకుండానే రాశాను. అంకెలు ఉన్నాయి కానీ ఆ పేజీలు చూస్తే ఏ మ్యాచూ గుర్తురావడం లేదు.

ఏప్రిల్

హికరాల్ ఖాతా చూస్తే బాధగా ఉంది. నికోయా ద్వీపకల్పంలో చిన్న ఊరు, కలిపిన పట్టికలో బరువు వాళ్ల మీదే పడింది. పేజీలో ఎర్ర సిరా వరసలు చూస్తే, బయటికి వెళ్లిన ప్రతిసారీ ఏమైందో చదవకుండానే తెలుస్తుంది.

మే

పెద్ద ఫైనల్ అలహ్వెలెన్సేకీ, కార్తహినేస్‌కీ మధ్య, రెండు మ్యాచ్‌లుగా. రెండో మ్యాచ్ మే 25, బుధవారం రాత్రి, అలహ్వెలాలోని అలెహాంద్రో మొరేరా సోతో స్టేడియంలో. మనకు గురువారం పొద్దున. ఆఫీసులో ముందే చెప్పేశాను, పదకొండు దాకా ఫోన్ ఎత్తనని.

ముందు రోజు నాన్నకి కార్తహినేస్ మీద ఉందనే శాపం కథ చెప్పాను. 1940లో గెలిచిన సంబరంలో ఆటగాళ్లు గుర్రాల మీద ఊరి పెద్ద చర్చి బసిలికాలోకి వెళ్లారనీ, అక్కడి ఫాదర్ శపించారనీ ఒక కథ. మైదానం కింద ఎవరో బొమ్మను పాతిపెట్టారని ఇంకో కథ. 2013లో గెలుపు దాకా వచ్చి ఎరెదియానో చేతిలో పెనాల్టీల్లో పోయాక ఆ బొమ్మ కథ ఇంకా బలపడింది. "మన దగ్గర చేతబడంటారు, అక్కడా అదే" అని నవ్వాడు.

పొద్దున రేడియో పెట్టాను. ఇడ్లీ ప్లేటు పక్కన చిట్టా. చివరి పది నిమిషాలు నాన్న కూడా వచ్చి కూర్చున్నాడు, భాష ఒక్క ముక్క రాకపోయినా. విజిల్ మోగాక వ్యాఖ్యాత గొంతు పూడుకుపోయింది. కార్తహినేస్ ఛాంపియన్. కోచ్ హేయినెర్ సెగూరా పేరు, కార్తాగో పేరు, తర్వాత నాకు అర్థంకాని చాలా మాటలు. ఒక్కటి మాత్రం అర్థమైంది, అబూయెలో. తాత అని. ఆ మాట ఒకరి తర్వాత ఒకరు అంటూనే ఉన్నారు.

1923, 1936, 1940 కింద కొట్టిన గీత దాటి 2022 రాయడానికి చోటు లేదు. మార్జిన్‌లో రాశాను.

జూన్

పోయిన రాత్రి ఖతార్‌లో న్యూజిలాండ్‌తో అర్హత మ్యాచ్, మూడో నిమిషంలోనే జోయెల్ క్యాంప్‌బెల్ గోల్, 1–0. కోస్టారికా ప్రపంచకప్‌కి వెళుతోంది. ఇది చిట్టాలోకి రాదు, చివరి అట్ట మీద రాసుకున్నాను.

మిగిలిన పని. హికరాల్ కింది డివిజన్‌కి పోయింది, వాళ్ల ఖాతాకి అడ్డగీత కొట్టి ముగించాను. పైకి వచ్చింది పుంతరేనాస్, పసిఫిక్ ఒడ్డు రేవు పట్నం. కొత్త పుస్తకంలో ఈసారి చేసే మార్పులు: కార్డులకు విడిగా ఒక గడి, వాయిదాలకు విడిగా ఒక పేజీ, టైటిళ్లకు తలభాగంలో ఇంకాస్త చోటు. పెన్నులు బ్రాండ్ మార్చాలి, ఆ ఎరుపు వెనక పేజీకి దిగుతోంది. వారానికి గంటన్నర పడుతుంది, రేడియో కాకుండా.

పుస్తకం కొని తెచ్చేసరికి నాన్న కళ్లద్దాలు పెట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. మొదటి పేజీ పైన "శ్రీ" ఆయనే రాశాడు. నాలుగో పేజీకి వెళ్లి, "ఆ రేవు ఊరి పేరు ఏంట్రా, మళ్లీ చెప్పు" అన్నాడు.