సోటోమయోర్ చివరి అయిదు అంగలు

ఫుట్‌బాల్ గోల్‌పోస్టు అడ్డపట్టీ కింది అంచు నేల నుంచి 2.44 మీటర్ల ఎత్తులో ఉంటుంది. క్యూబా హైజంపర్ హవియేర్ సోటోమయోర్ 1993 జులై 27న స్పెయిన్‌లోని సలమాంకాలో దాటింది అంతకంటే ఒక సెంటీమీటరు ఎక్కువ: 2.45. ముప్పై ఏళ్లు గడిచిపోయినా ఆ రికార్డు కదల్లేదు. ఖతార్ ఆటగాడు ముతాజ్ బర్షిమ్ 2014లో బ్రసెల్స్‌లో 2.43 దాకా వచ్చి ఆగిపోయాడు. అదే ఏడాది ఉక్రెయిన్‌కు చెందిన బొహ్దాన్ బొండరెంకో 2.42 దాటాడు.

సోటోమయోర్ పేరెత్తితే చాలామంది బార్ మీద విల్లులా వంగిన నడుము గురించే చెబుతారు. ఫొటోల్లో కనబడేది అదే మరి. కానీ పాదం నేలను వదిలిన క్షణానికే శరీర గురుత్వ కేంద్రం (ఒంటి బరువంతా ఒకచోట ఉన్నట్టు లెక్కించే బిందువు) ఎంత ఎత్తుకు వెళ్తుందన్నది తేలిపోతుంది. ఆ తర్వాత గాలిలో చేసేదంతా, వచ్చిన ఎత్తును పాడుచేసుకోకుండా ఉండటానికే.

ఒకసారి లెక్క వేసి చూడండి. సోటోమయోర్ ఎత్తు 1.95 మీటర్లు. టేకాఫ్ (ఒంటికాలితో నేలను తన్ని పైకి లేవడం) చివర్లో శరీరం నిటారుగా, ఒక మోకాలు పైకెత్తి, చేతులు పైకి వెళ్లి ఉంటాయి. ఆ భంగిమలో గురుత్వ కేంద్రం మనిషి ఎత్తులో దాదాపు 70 శాతం దగ్గర ఉంటుంది, అంటే 1.37 మీటర్ల దగ్గర. 2.45 చేరాలంటే ఇంకో 1.08 మీటర్లు లేవాలి. అంత లేవడానికి పైదిశలో సెకనుకు 4.6 మీటర్ల వేగం కావాలి. వీపు బాగా వంచగలిగితే గురుత్వ కేంద్రం బార్ కంటే కాస్త కిందే ఉన్నా శరీరం దాటిపోతుంది. కానీ అక్కడ మిగిలేది కొద్ది సెంటీమీటర్లే. ఆ 4.6 మాత్రం, పాదం నేల మీద ఆనే 0.15 నుంచి 0.2 సెకన్ల మధ్యలోనే పుట్టాలి. రెప్పపాటుకు పట్టే సమయం కంటే ఎక్కువేం కాదు.

ఇంత తక్కువ సమయంలో తొడ కండరాలు ముడుచుకుని, సాగి, నేలను తన్నేంత వ్యవధి దొరకదు. కాబట్టి వేగంగా వచ్చి, కాలిని బిగించి ముందుకు నాటి, ఆ కాలి మీదుగా శరీరాన్ని పైకి విసిరేయాలి. ప్రపంచస్థాయి పురుషుల రనప్ (ఎగిరే ముందు పరుగు) చివరి వేగం సెకనుకు 7 నుంచి 8 మీటర్ల దాకా ఉంటుంది. రనప్ వేగానికి పేరుపడ్డవాళ్లలో సోటోమయోర్ ముందుంటాడు. వేగంగా రావడం చాలామందికి చేతనవును. ఆ వేగంతో వచ్చి కాలు కుంగకుండా నిలబెట్టుకోవడమే కష్టం. మోకాలు కాస్త ఎక్కువ వంగిందా, తెచ్చిన వేగమంతా అక్కడే ఇంకిపోతుంది.

రనప్ సాధారణంగా తొమ్మిది నుంచి పన్నెండు అంగలు. మొదటి సగం సూటిగా సాగుతుంది, చివరి నాలుగైదు అంగలు వంపులో పడతాయి. బార్‌ను నిలిపే దగ్గరి స్తంభం నుంచి పక్కకు మూడు నాలుగు మీటర్లు, అక్కడి నుంచి వెనక్కి పదిహేను నుంచి ఇరవై మీటర్లు కొలిచి గుర్తు పెట్టుకుంటారు. నిబంధనల ప్రకారం రెండు గుర్తుల దాకా పెట్టుకోవచ్చు. ఒకటి పరుగు మొదలుపెట్టే చోట, రెండోది వంపు మొదలయ్యే చోట ఉంటే మేలు. తప్పు ఎక్కడ జరిగిందో పట్టించేది ఆ రెండో గుర్తే. వంపులో వేగంగా పరిగెత్తితే శరీరం లోపలివైపు, బార్‌కు దూరంగా ఒరుగుతుంది. మోకాళ్లు పెద్దగా వంచకుండానే గురుత్వ కేంద్రం కిందికి దిగుతుంది. టేకాఫ్ కాలు నాటగానే ఆ ఒరుగు నిటారుగా లేస్తుంది. బార్ మీద వెల్లకిలా తిరగడానికి కావలసిన భ్రమణం అక్కడి నుంచే వస్తుంది. ఎవరూ గాలిలోకి వెళ్లాక తిరగడం మొదలుపెట్టరు.

తప్పులన్నీ దాదాపు ఇక్కడే జరుగుతాయి. అన్నిటికంటే మామూలుది వంపును అడ్డంగా కోసేయడం. బార్ కనబడగానే చివరి రెండు అంగల్లో భుజం అటు వాలిపోతుంది, ఒరుగు ముందే చచ్చిపోతుంది, లేస్తూ లేస్తూనే భుజమో నడుమో బార్‌కు తగులుతుంది. చూసేవాళ్లు ఎత్తు చాల్లేదంటారు. నిజానికి ఎత్తు వచ్చింది, రాకూడని చోట వచ్చింది. రెండోది, చివరి మూడు అంగల్లో భయంతో వేగం తగ్గించడం. చివరి ముందు అంగ కొంచెం పొడవుగా, కిందికి దిగి, ఆఖరి అంగ పొట్టిగా, చురుగ్గా పడాలి. వేగం తగ్గినవాళ్లకు ఆఖరి అంగ సాగిపోతుంది, శరీరం కాలి వెనకే ఉండిపోతుంది. మూడోది పాదం తిరిగే దిశ. దాన్ని బార్‌కు సమాంతరంగా పెడితే చీలమండ లోపలికి కుప్పకూలుతుంది. పరుగు వంపు ఏ దిశలో పోతోందో బొటనవేలు అటే చూడాలి. ఈ తప్పు ఒక ఎగురుడును కాదు, ఒక్కోసారి ఒక సీజన్‌నే మింగేస్తుంది.

టేకాఫ్ దూరం బార్ నుంచి సుమారు 70 సెంటీమీటర్ల నుంచి 1.2 మీటర్ల మధ్య ఉంటుంది. ఎంత వేగంగా వస్తే అంత దూరంలో లేవాలి. బార్ పైకి పోతూ తగిలితే చాలా దగ్గరగా లేచారని, దిగుతూ తొడలకో మడమలకో తగిలితే చాలా దూరం నుంచి లేచారని అర్థం. అప్పుడు టేకాఫ్ చోటును కాదు, రనప్ మొదటి గుర్తును అరడుగు జరపాలి.

ఇక సోటోమయోర్ కెరీర్. పద్నాలుగేళ్లకు రెండు మీటర్లు, 1984లో పదహారేళ్లకు 2.33. ఆ ఏడాది లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో వేరొకరికి రజతం దక్కింది సరిగ్గా ఆ 2.33కే. క్యూబా ఆ క్రీడలను బహిష్కరించింది. 1988 సెప్టెంబర్ 8న సలమాంకాలోనే 2.43తో ప్రపంచ రికార్డు పెట్టాడు. తొమ్మిది రోజులకు సియోల్ ఒలింపిక్స్ మొదలయ్యాయి. అక్కడ స్వర్ణం 2.38కి వెళ్లింది, క్యూబా మళ్లీ రాలేదు. 1989 మార్చిలో బుడాపెస్ట్‌లో ఇండోర్ రికార్డు 2.43, జులై 29న ప్యూర్టోరికోలోని శాన్ హువాన్‌లో 2.44. ఎనిమిది అడుగుల గీత దాటిన మొదటి మనిషి ఆయనే, ఇప్పటికీ ఒక్కడే.

1992 బార్సిలోనా స్వర్ణం ఎత్తు చూస్తే నవ్వొస్తుంది: 2.34. అయిదుగురు అదే ఎత్తు దాటారు. నిబంధన ఇలా ఉంటుంది: చివరగా దాటిన ఎత్తులో ఎవరికి తక్కువ విఫల ప్రయత్నాలున్నాయో మొదట చూస్తారు, అక్కడా సమమైతే అప్పటిదాకా జరిగిన విఫల ప్రయత్నాలన్నీ లెక్కిస్తారు. ఆ లెక్కలో సోటోమయోర్‌కు స్వర్ణం, స్వీడన్ ఆటగాడు పాట్రిక్ షోబెర్గ్‌కు రజతం దక్కాయి. మిగతా ముగ్గురూ కాంస్యం పంచుకున్నారు. అందుకే పెద్ద పోటీలో 2.20 దగ్గర నిర్లక్ష్యంగా పారేసుకున్న ఒక ప్రయత్నం రెండు గంటల తర్వాత పతకం రంగు మార్చేస్తుంది. మరీ జాగ్రత్తపడి చిన్న ఎత్తులన్నీ ఎగిరితే కాళ్లు అలిసిపోతాయి, వదిలేస్తే రనప్ కుదురుకోదు. వరసగా మూడుసార్లు తప్పితే, ఏ ఎత్తులో అయినా సరే, ఆట ముగిసినట్టే.

1993లో స్టుట్‌గార్ట్‌లో 2.40తో ప్రపంచ ఛాంపియన్, 1995లో గోథెన్‌బర్గ్‌లో రజతం, 1997లో ఏథెన్స్‌లో 2.37తో మళ్లీ స్వర్ణం. మధ్యలో 1996 అట్లాంటాకు గాయంతో వెళ్లి పతకం దరిదాపులకు కూడా రాలేదు. ఈ ఆటలో టేకాఫ్ కాలికి, ముఖ్యంగా మోకాటి చిప్ప కింది స్నాయువుకు పడే దెబ్బ అలాంటిది. అందుకే పూర్తి రనప్‌తో ఎగిరే సాధనకు వారంలో హద్దు పెట్టుకుంటారు, మిగతాది పొట్టి రనప్‌తోనే.

చివరి అధ్యాయం ఆయన అభిమానులకు ఇష్టం లేనిది, కానీ దాటవేయడం కుదరదు. 1999 విన్నిపెగ్ పాన్ అమెరికన్ క్రీడల్లో కొకైన్ పరీక్షలో దొరికి స్వర్ణం పోగొట్టుకున్నాడు. రెండేళ్ల నిషేధాన్ని ఏడాదికి తగ్గించడంతో 2000 సిడ్నీలో దిగగలిగాడు. ఫైనల్ వానలో జరిగింది. తడిసిన నేల మీద అందరికంటే నష్టపోయేది వంపులో వేగంగా ఒరిగేవాడే. బూట్ల స్పైకులు పట్టు ఇస్తాయో లేదో అన్న అనుమానం వస్తే చాలు, చివరి అంగల్లో వేగం దానంతట అదే తగ్గిపోతుంది. రష్యాకు చెందిన సెర్గేయ్ క్ల్యూగిన్ 2.35తో గెలిచాడు, సోటోమయోర్ 2.32తో రజతం తీసుకున్నాడు. 2001లో నాండ్రోలోన్ (కండలు పెంచే నిషిద్ధ స్టెరాయిడ్) పరీక్షలోనూ దొరికాడు, అదే ఏడాది ఆట వదిలేశాడు.

సలమాంకా వీడియో దొరికితే వేగం తగ్గించి ఆడించుకుని చూడండి. బార్‌ను వేలితో కప్పేసి, తలను మాత్రం గమనించండి. వంపు మొదలైనప్పటి నుంచి ఆఖరి ముందు అంగ దాకా ఆ తల ఎటు ఒరిగి ఉందో, ఎక్కడ నిటారుగా లేచిందో.