నైరుతి గాలి, ములుగు దారి, ముందున్న చక్రం

హన్మకొండలో సైకిల్ తొక్కేవాళ్లం నలుగురం కలిస్తే తప్పకుండా వచ్చే వాదన ఒకటుంది: ఆదివారం తెల్లవారుజామున క్లబ్బు వారి గ్రూప్ రైడ్‌కు పోవడం మేలా, ఎవరి దారిన వారు ఒంటరిగా తొక్కడం మేలా అని. ఈ వాదన కాసేపట్లోనే మనుషుల స్వభావాల మీదికి మళ్లుతుంది; కలుపుగోలు మనిషి క్లబ్బుకు పోతాడని, ముభావంగా ఉండేవాడు ఒంటరిగా పోతాడని తేల్చేసి లేస్తారు. నాకు మాత్రం స్వభావం కన్నా ఆ రోజు ఎక్కబోయే రోడ్డునూ, వీచే గాలినీ చూసి నిర్ణయించుకోవడమే సబబుగా తోస్తుంది.

గూడెప్పాడ్, ఆత్మకూరు, మల్లంపల్లి మీదుగా ములుగు పోయే 163వ నంబరు జాతీయ రహదారినే తీసుకుందాం. ములుగు మనకు ఈశాన్యాన ఉంది. వానాకాలంలో గాలి ఎక్కువగా పడమర, నైరుతి దిక్కుల నుంచి వీస్తుంది కనుక పోయేటప్పుడు అది వెనక నుంచి నెడుతుంది. గట్టమ్మ గుడి దగ్గర ఆగేసరికి ప్రతివారికీ తమ కాళ్ల సత్తువ మీద అపారమైన నమ్మకం కలగడానికి కారణం అదే. తిరుగు ప్రయాణంలో ఆ గాలే ఎదురు నిలుస్తుంది. గాలి లేని రోజున కూడా, వేగాన్ని రెట్టింపు చేయాలంటే గాలి నిరోధాన్ని దాటడానికి పెట్టవలసిన శక్తి ఎనిమిది రెట్లవుతుంది. ఎదురుగాలిలో ఈ లెక్క ఇంకా కఠినమవుతుంది. చదునైన రోడ్డు మీద గంటకు 30 కిలోమీటర్ల వేగంతో పోతున్నప్పుడు మన శ్రమలో అధిక భాగం గాలికే ఖర్చవుతుంది కాబట్టి, ముందువారి వెనక చక్రానికి దగ్గరగా, వారి చాటున తొక్కేవారికి సుమారు పావు వంతు, ఒక్కోసారి అంతకు మించి శక్తి మిగులుతుంది. వంతులవారీగా ముందుకు వచ్చి గాలిని కాచుకునే గుంపు తిరుగు దారిలో ఒంటరివాడిని సునాయాసంగా దాటిపోవడంలో వింతేమీ లేదు. చీకటితోనే బయలుదేరవలసినప్పుడు, లారీల రద్దీ ఉన్న రహదారి మీద, ముఖ్యంగా మహిళలకు, గుంపు ఇచ్చే భద్రత వేగం కన్నా విలువైనది. దీని మీద నాకు వాదన లేదు.

అయితే ఈ సౌఖ్యానికి చెల్లించే మూల్యం కళ్లది. అడుగు, అడుగున్నర ఎడంలో ముందు చక్రం తిరుగుతున్నప్పుడు చూపు దాని మీదినుంచి పక్కకు మళ్లితే ప్రమాదం. అందుకే ముందున్నవారు చెయ్యి కిందికి చాపి గుంతను చూపడం, “బ్రేకర్!” అని కేక వేయడం, ఆ కేకను వెనకవారు చివరిదాకా అందించడం అనే క్రమశిక్షణ పుట్టింది. యాసంగి కోతల తర్వాత మన రోడ్ల సంగతి తెలిసిందే: సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి, అంచున వరుసగా రాళ్లు పేర్చి ఉంటాయి, రాత్రికి వాటి మీద నల్లటి పరదాలు కప్పుతారు. వేకువ చీకటిలో ఆ రాయి ముందువాడికి కనబడుతుంది. అతను ఒక్కసారిగా పక్కకు తప్పుకుంటే ఆరో, ఏడో స్థానంలో ఉన్నవాడికి అది కనబడేది చక్రం కిందికి వచ్చాకనే. రైతును తప్పుపట్టి లాభం లేదు, ఆరబోసే జాగా ఆయనకూ ఉండాలి కదా. ఆ నెలల్లో చిన్న రోడ్ల మీద గుంపుగా వేగంగా పోవడం అవివేకమని క్లబ్బు పెద్దలతో కూడా అన్నాను, కొందరు ఒప్పుకున్నారు.

ఒంటరిగా తొక్కడంలో నాకు నచ్చేది ఆగగలిగే స్వేచ్ఛ. సుమారు 70 కిలోమీటర్ల దూరంలోని పాలంపేటకు గుంపుతో పోతే, 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన రామప్ప గుడి ముందు సైకిళ్లన్నీ వరుసగా నిలబెట్టి ఫొటో దిగి, ఎండ ముదరక ముందే తిరిగి ఎక్కాలి. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన గుడి దాకా చెమటోడ్చి పోయి, దూలాల కింద నిలిచిన నల్లరాతి మదనికలను, ఆ స్త్రీమూర్తుల శిల్పాలను, చూడకుండా రావడం నాకు చేతకాదు. ఒంటరిగా పోతే చెరువు కట్ట దాకా కూడా పోయి రావచ్చు.

ఆ స్వేచ్ఛకు తగిన బాధ్యత ఉంది, అది జేబులోనూ సీటు కింది సంచిలోనూ మోసుకుపోవలసిన బాధ్యత. మన వైపు పంక్చర్లకు మేకుల కన్నా సర్కారు తుమ్మ ముల్లే ఎక్కువ కారణం. ట్యూబు మార్చడం అందరికీ వచ్చు. మార్చే ముందు టైరు లోపలి వైపున పాత గుడ్డముక్కను మెల్లగా చుట్టూ లాగితే, పైకి విరిగిపోయి లోపల మొన మాత్రం మిగిలిన ముల్లు దగ్గర ఆ గుడ్డ పట్టుకుంటుంది. ఆ మొనను తీయకుండా కొత్త ట్యూబు ఎక్కిస్తే కిలోమీటరు తిరగకముందే అదీ దిగుతుంది. గుంపులో ఈ పని ఎవరో ఒక అన్న చేసిపెడతాడు కాబట్టి, ఏళ్ల తరబడి తొక్కినా ఇది నేర్చుకోనివారు ఉన్నారు.

200 కిలోమీటర్ల బ్రెవేకు, అంటే గడువు లోపల పూర్తిచేయవలసిన దూరప్రయాణపు రైడ్‌కు, సిద్ధమయ్యే తమ్ముళ్లు నన్ను అడిగేది కూడా గుంపుగా పోవాలా, ఒంటరిగానా అనే. ఆ బ్రెవేకు ఇచ్చే గడువు పదమూడున్నర గంటలు, అంటే ఆగిన సమయంతో కలిపి గంటకు 15 కిలోమీటర్ల సగటు ఉన్నా పూర్తవుతుంది. తోటి రైడర్ల చాటున తొక్కడానికి అభ్యంతరం లేదు. బయటివారి సాయం మాత్రం కంట్రోల్ పాయింట్ల దగ్గర, అంటే దారిలో రైడర్ల హాజరు నమోదు చేసే చోట్ల, తప్ప తీసుకోకూడదు. ఇంత ఉదారమైన గడువును కూడా తినేసేది నెమ్మదితనం కన్నా మాటిమాటికీ ఆగిపోవడమే. ఒకరికి టీ, ఒకరికి పంక్చరు, ఇంకొకరికి ఫోన్ అంటూ గుంపు ఆగిన ప్రతిచోటా గడియారం మాత్రం తిరుగుతూనే ఉంటుంది. అందువల్ల ముందు ఒంటరిగా వంద కిలోమీటర్లు పోయి, తమ సొంత వేగమెంతో, ఎంతసేపటికి ఆకలి వేస్తుందో తెలుసుకోమని, ఆ తర్వాతే తమ వేగానికి సరిపడే ఇద్దరు ముగ్గురిని వెతుక్కోమని చెబుతాను. క్లబ్బు రైడ్‌కు నేను పోయేది వానాకాలం ఆదివారాల్లో, అదీ ములుగు దారికి. ధర్మసాగర్, పాకాల వైపు చిన్న రోడ్లకు ఎవరైనా తోడు వస్తామంటే కాదనను, కానీ నా అంతట నేను పిలవను.