పిన్ని అగ్గిపెట్టె

చర్మం కింద పురుగులు పాకుతున్నాయని పిన్ని ఆరు నెలలుగా అంటోంది. గోకి గోకి చేతులన్నీ పుండ్లు. ఓ రోజు అగ్గిపెట్టె తెరిచి, "చూడరా, ఇవే!" అంది. అందులో దారపు పోగులు, ఎండిన చెక్కులు, కాస్త దుమ్ము. లేవని గట్టిగా వాదించాను. నా బుద్ధి తక్కువ. వారం రోజులు నాతో మాట్లాడలేదు.

చర్మం డాక్టరు మాత్రం ఆ పెట్టెలోవన్నీ భూతద్దంతో ఓపిగ్గా చూశారు. రోగులు ఇలా తేవడం ఎంత మామూలంటే, దానికి 'అగ్గిపెట్టె గుర్తు' అని పేరే ఉందట! లేని పురుగులు ఒంట్లో ఉన్నాయని గట్టిగా నమ్మే ఈ జబ్బు గురించి 1938లో స్వీడన్ వైద్యుడు ఎక్‌బోమ్ వివరంగా రాశాడు.

సైకియాట్రిస్టు అనగానే "నాకు పిచ్చా?" అంది. దురద తగ్గి నిద్ర పడుతుందంటేనే మాత్ర వేసుకుంది. నిన్న అగ్గిపెట్టె ఏదని అడిగితే, "ఎక్కడ పెట్టానో ఏమో" అంది.