ఒక్క ఊపిరిలో ఎంతవరకు

ఈ ఫిబ్రవరిలో గుణదల కొండ మెట్లు నేనే ఎక్కాను. మా వారు పక్కనే నడిచారు గానీ నేను చెయ్యి పట్టుకోనివ్వలేదు. పైన మరియమ్మ ముందు కూర్చుని చాలాసేపు ఏడ్చాను, మా అమ్మ మొక్కుకున్న మొక్కు అది. అప్పటిదాకా కిందటేడు నాకొచ్చిన జబ్బు సంగతి ఎవరికి చెప్పబోయినా గొంతు పట్టేసేది. ఇప్పుడు రాయగలననిపిస్తోంది.

మాది ఫిరంగిపురం. పెళ్ళయ్యాక పందొమ్మిదేళ్ళుగా చెన్నైలో, పెరంబూరులో ఉంటున్నాం. జపమాల చెప్పని రోజు లేదు నాకు, చిన్నప్పటి నుంచీ. కానీ నిజం చెప్పాలంటే ఇరవై నిమిషాల జపమాలని పన్నెండు నిమిషాల్లో ముగించి పొయ్యి మీద కుక్కర్ పెట్టేదాన్ని. నోరు దాని పని అది చేసుకుపోయేది, మనసేమో స్కూల్లో దిద్దాల్సిన పేపర్ల దగ్గర ఉండేది. మంగళ, శుక్రవారాల్లో వచ్చే దుఃఖ రహస్యాలైతే, అంటే జపమాలలో ప్రభువు పాట్లు తలుచుకునే ఘట్టాలైతే, మరీ గబగబా.

కిందటేడు ఆగస్టు మొదట్లో రెండు రోజులు విరేచనాలయ్యాయి, తగ్గిపోయాయి. రెండు వారాల తర్వాత అరికాళ్ళలో తిమ్మిరి మొదలైంది. మర్నాటికి మోకాళ్ళ దాకా వచ్చింది, మెట్లెక్కుతుంటే కాళ్ళు నావి కానట్టుంది. దగ్గర్లో ఉన్న క్లినిక్‌కి వెళ్తే డాక్టర్ గారు కుర్చీలోంచి లేవలేదు, నా కాలు ముట్టుకోలేదు. "ఈ వయసులో ఆడవాళ్ళకి టెన్షన్ ఎక్కువమ్మా, బాగా నిద్రపోండి" అని బి కాంప్లెక్స్ మాత్రలు రాసిచ్చారు. నాకు నలభై నాలుగు. ఆ చిన్న రబ్బరు సుత్తితో మోకాలి మీద ఒక్కసారి కొట్టి చూసుంటే కాలు కదలట్లేదని అప్పుడే తెలిసిపోయేది. రెండు రోజులు ఆ మాత్రలు వేసుకుని పడుకున్నాను. మూడో రోజు బాత్రూంలో కూలబడితే లేవలేకపోయాను.

పెద్దాసుపత్రిలో అంతా వేగంగా జరిగింది. నడుము దగ్గర సూది గుచ్చి నీళ్ళు తీశారు, నరాలకి కరెంటు పెట్టి చూశారు, గిలియన్ బారీ సిండ్రోమ్ అన్నారు. కడుపులో వచ్చిన ఇన్ఫెక్షన్‌తో పోరాడాల్సిన మన ఒంటి రక్షణ వ్యవస్థే పొరబడి నరాల మీద పడుతుందట. అయిదు రోజులు ఇమ్యునోగ్లోబులిన్ అనే యాంటీబాడీల మందు ఎక్కించాలన్నారు. అది వేల మంది దాతల ప్లాస్మా నుంచి తయారవుతుందని తర్వాత తెలిసింది. వాళ్ళెవరో నాకు తెలియదు, వాళ్ళందరికీ దండం.

ఆ జబ్బులో అసలు భయం కాళ్ళ గురించి కాదు, ఊపిరి గురించి. బలహీనత పైపైకి ఎక్కి ఛాతీ కండరాల దాకా వస్తే వెంటిలేటరే. అందుకే కొన్ని గంటలకోసారి వచ్చి, ఒక్క ఊపిరి పీల్చుకుని ఆపకుండా ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టమనేవారు. బుధవారం ఇరవై ఎనిమిది దాకా వెళ్ళాను. గురువారం ఇరవై ఒకటి.

శుక్రవారం ఆగస్టు 29. బెసెంట్ నగర్ వేళాంగణ్ణి మాత గుడిలో జెండా ఎక్కే రోజు, కాషాయం బట్టలతో జనం నడిచి వెళ్ళే రోజు. ఏటా వెళ్ళేదాన్ని. ఆ రాత్రి ఐసీయూలో పదమూడు దగ్గర నా ఊపిరి అయిపోయింది. డ్యూటీ డాక్టర్, కుర్రాడే, పక్కనున్న ఆవిడతో ఇంగ్లీషులో అన్నాడు: ఇంకొంచెం తగ్గితే ట్యూబు వేసేద్దాం, ఇలాంటివాళ్ళు ఒక్కోసారి తెల్లారేసరికి చేతులు దాటిపోతారు. ఈవిడకి తెలుగు తప్ప రాదనుకున్నాడు కాబోలు. నేను పదహారేళ్ళుగా స్కూల్లో చెబుతున్నది ఇంగ్లీషే.

అప్పటికి చేతులు కూడా లేవట్లేదు. మా వారు బయట వరండాలో కుర్చీలో నిద్రపోతున్నారు, మూడు రాత్రులయింది ఆయన కంటికి కునుకు పట్టి, పాపం. గెత్సెమని తోటలో ప్రభువు చెమట రక్తంగా కారుతుంటే శిష్యులు నిద్రపోయారు కదా, అది మొదటి దుఃఖ రహస్యం. ఇన్నేళ్ళూ వాళ్ళ మీద కోపంగా ఉండేది నాకు. ఆ రాత్రి ఆ కోపం పోయింది.

దిండు కింద జపమాల ఉంది, తీసుకునే చెయ్యి లేదు. దేవ వరప్రసాదముచేత నిండిన మరియమ్మా అని మొదలుపెడితే సగంలో ఊపిరి ఆగిపోతోంది. పక్క తిప్పడానికి వచ్చిన మలయాళీ నర్సు నా పెదాలు చూసింది. జపమాల తీసి నా అరచేతిలో పెట్టి, వేళ్ళు తనే మూసి, "నన్మ నిరఞ్ఞ మరియమే" అని మెల్లగా మొదలుపెట్టింది. జపమాల ఎప్పుడూ ఇద్దరి జపమే కదా, మొదటి సగం ఒకరు, రెండో సగం ఇంకొకరు. ఆవిడ మలయాళంలో చెబుతుంటే నేను ఊపిరి పీల్చుకున్నాను, ఆవిడ ఆగగానే "ఇప్పుడును, మా మరణ సమయమందును" అని నేను వదిలాను. పూస పూసకీ నా బొటనవేలిని తన వేలితో జరిపింది. జపమాలకి పదేసి పూసల వరసలు అయిదు, మేం రెండు పదులే చెప్పాం, అవతల మంచం దగ్గర అలారం మోగితే పరుగెత్తింది. మిగతా మూడూ నేను లోలోపల చెప్పుకున్నాను. తెల్లవారుజామున మళ్ళీ లెక్కపెట్టమన్నారు. పద్నాలుగు. ట్యూబు వెయ్యలేదు.

మందే పనిచేసింది, ఆ మాట ఎవరితోనైనా అంటాను. కానీ ఆ రాత్రి భయంతో ఎగశ్వాస రాకుండా నన్ను పట్టుకున్నది మాత్రం ఆ జపమే. తర్వాత చదివాను, 2001లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఒక అధ్యయనంలో ఇరవై ముగ్గురి చేత లాటిన్‌లో మంగళవార్త జపం, అంటే పూస పూసకీ చెప్పే ఆ మరియమ్మ జపమే, చెప్పిస్తే వాళ్ళ శ్వాస నిమిషానికి ఆరుకి నెమ్మదించిందట, గుండె లయ కూడా మెరుగైందట. నాకు ఆశ్చర్యం వేయలేదు.

ఇంటికొచ్చాక వాకర్, ఫిజియోథెరపీ, చెంచా పట్టుకోవడం మళ్ళీ నేర్చుకోవడం, అవన్నీ నెలల పని. ఒక చుట్టం చూడ్డానికొచ్చి "ఇంత జపమాల తిప్పేదానివి, నీకే ఎందుకొచ్చిందే" అని వెళ్ళింది. జబ్బు కంటే అది ఎక్కువ నొప్పి.

ఇది చదివేవాళ్ళకి ఒకటే చెబుతాను. తిమ్మిరి కాళ్ళ నుంచి పైకి ఎక్కుతోందంటే ఆ రోజే న్యూరాలజీ ఉన్న ఆసుపత్రికి వెళ్ళండి, టెన్షన్ అని ఎవరైనా తేల్చేస్తే ఇంకొకరి దగ్గరికి వెళ్ళండి. జపమాల చెప్పేవాళ్ళయితే "యేసు" అన్న చోట ఒక్క క్షణం ఆగండి. రెండవ జాన్ పాల్ పోపుగారు 2002లో జపమాలలో గురువారానికి వెలుగు రహస్యాలు కొత్తగా చేర్చినప్పటి లేఖలో, ఆ జపం రెండు సగాలనీ కలిపేది ఆ నామమేనని రాశారు. నేను ఇప్పుడు అక్కడే ఊపిరి తీసుకుంటాను. (మా అమ్మ మాత్రం గురువారం ఇప్పటికీ పాత పద్ధతిలో సంతోష రహస్యాలే చెబుతుంది.)

ఆ క్లినిక్ ముందు నుంచే రోజూ స్కూలుకి వెళ్తాను. క్షమించేశానని చెప్పలేను. ఆ డాక్టర్ కోసం ఒక మంగళవార్త జపం మొదలుపెడతాను, సగంలో కోపం వచ్చేస్తుంది, అయినా పూర్తి చేస్తాను.

ఎడమచేతి వేళ్ళకి ఇంకా స్పర్శ సరిగా రాలేదు, పూస దొరక్క లెక్క తప్పుతుంటాను. అప్పుడు మా వారు అందుకుంటారు, ఇప్పుడు మొదటి సగం ఆయనే చెబుతున్నారు. డిసెంబరులో ఆ నర్సుకి దండం పెడదామని వెళ్తే ఉద్యోగం మానేసి వెళ్ళిపోయిందన్నారు. అయిదో పది ఆవిడ కోసం. అందులో మొదటి పూస దగ్గర "నన్మ నిరఞ్ఞ మరియమే" అంటాను, నాకు అంతవరకే వచ్చు, మిగతాది తెలుగులో చెబుతాను.