బాపు టీబీ, మా ఇంటి లెక్క

బాపుకు టీబీ పూర్తిగా తగ్గిందని సెప్టెంబరులో రాసిచ్చారు. ఆ కాగితం ఫొటో తీసి ఫోన్లో దాచుకున్నాను. టీబీకి పరీక్ష ఉచితం, మందులు ఉచితం అని తెలిసినవాళ్లు కూడా "మరి మీకు ఇంత అప్పు ఎలా అయింది?" అని అడుగుతున్నారు, అందుకే మొదటి నుంచి రాస్తున్నాను.

మాది సిరిసిల్ల. బాపు ముప్పై ఏళ్లుగా సాంచాలు (మరమగ్గాలు) నడుపుతున్నాడు. పన్నెండు గంటల షిఫ్టు, మీటర్ల లెక్కన కూలి, పనికి వెళ్లని రోజు పైసా రాదు. అమ్మ బీడీలు చేస్తుంది. నేను డిగ్రీ అయ్యాక ఒక బట్టల షాపులో బిల్లింగ్ చేస్తున్నాను, తమ్ముడు ఇంటర్.

2024 నవంబరులో దగ్గు మొదలైంది. సాంచాల దగ్గర పనిచేసేవాళ్లు దగ్గితే ఎవరూ పట్టించుకోరు, నూలు దుమ్ము అనుకుంటారు, మేమూ అదే అనుకున్నాం. గల్లీలో ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్తే ఒక సూది, మూడు రోజుల గోళీలు, ఒక దగ్గు మందు సీసా. నాలుగు రోజులు తగ్గినట్టే ఉండేది, మళ్లీ మొదలు. అలా జనవరి దాకా నడిచింది. ఆర్‌ఎంపీని నేను తిట్టను. షిఫ్టు దిగి రాత్రిపూట వచ్చే మనిషికి తలుపు తీసి ఉండేది ఆయన ఒక్కడిదే, డబ్బులు తర్వాత ఇచ్చినా ఏమనడు. సర్కారు దవాఖానలో ఓపీ పొద్దున ఉంటుంది, వెళ్తే ఆ రోజు కూలి పోతుంది. బాపు ఆ కూలి లెక్క చూసుకునే ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్లేవాడు.

ఫిబ్రవరికి మనిషి సగమయ్యాడు. సాయంత్రం జ్వరం, రాత్రి చెమటలకు బనీను తడిసిపోయేది. భయమేసి కరీంనగర్‌లో ఒక ప్రైవేటు హాస్పిటల్‌కు తీసుకెళ్లాం. బస్సులో నాకూ అమ్మకూ జీరో టికెట్, బాపుకు మాత్రమే డబ్బులు కట్టాం. ఆరోగ్యశ్రీ ఉంది కదా, పది లక్షల దాకా పెంచారు కదా అని ధైర్యంగా వెళ్లాం. కౌంటర్ దగ్గర చెప్పిందేమిటంటే లిస్టులో ఉన్న ఆపరేషనో చికిత్సో అయితేనే కార్డు చెల్లుతుందట, రోగమేంటో కనుక్కునే పరీక్షలకు మేమే కట్టుకోవాలట. స్కానింగ్, రక్త పరీక్షలు కలిపి 11,400. నిమ్ము అని చెప్పి మూడు రోజులు బెడ్డు మీద పెట్టారు, దానికి ఇంకో 23,000. నలభై వేలు అప్పు తెచ్చాం, నూటికి మూడు రూపాయల వడ్డీ. అంటే నెలకు 1,200 వడ్డీకే పోతుంది. ఆ మూడు రోజుల్లో తెమడ పరీక్ష ఎవరూ రాయలేదు. ఆ మాట ఇప్పటికీ నా గొంతులో అడ్డం పడుతుంది.

మార్చిలో తెమడలో రక్తం కనపడింది. మా గల్లీ ఆశా కార్యకర్త ఆ సంగతి విని నేరుగా ఇంటికొచ్చి, "రెండు వారాలు దాటిన దగ్గుకు ముందు తెమడ చూపించాలి అక్కా" అని అమ్మను కోప్పడింది, మర్నాడు తనే సర్కారు దవాఖానకు తీసుకెళ్లింది. అక్కడ ల్యాబ్ అతను మూత ఉన్న చిన్న ప్లాస్టిక్ డబ్బా ఇచ్చాడు. బాపు రెండుసార్లు ఉమ్మాడు, రెండుసార్లూ లాలాజలమే వచ్చింది. అప్పుడతను బయటికి, వేపచెట్టు కిందికి తీసుకెళ్లి, గట్టిగా ఊపిరి లోపలికి తీసుకోమని, కాసేపు పట్టి ఉంచి వదలమని, మూడోసారికి లోపలి నుంచి దగ్గమని తను చేసి చూపించాడు. అప్పుడు వచ్చింది. ఇంకో డబ్బా ఇచ్చి రేపు పొద్దున నిద్ర లేవగానే పట్టి తెమ్మన్నాడు. నేను పర్సు తీసి ఎక్కడ కట్టాలని అడిగాను. "పైసలేం లేవమ్మా" అన్నాడు. అక్కడే బెంచీ మీద కూర్చుని ఏడ్చేశాను. నాలుగు నెలలు, దాదాపు నలభై వేలు ఖర్చుపెట్టి ఆ డబ్బా దగ్గరికి వచ్చాం.

మర్నాటికి టీబీ అని తేలింది. మామూలు మందులకు లొంగేదే అని కూడా అదే పరీక్షలో తెలిసింది, ఆ ఒక్కటీ మా అదృష్టం. షుగర్, హెచ్‌ఐవీ పరీక్షలు చేశారు, టీబీ రోగుల వివరాలు రాసే సర్కారు పోర్టల్ నిక్షయ్‌లో పేరు ఎక్కించారు, మమ్మల్ని ముగ్గురినీ కూడా పరీక్షించారు. బాపు బరువు 43 కిలోలు, కాబట్టి రోజుకు మూడు గోళీలు. మొదటి రెండు నెలలు నాలుగు మందులు కలిసిన గోళీ, తర్వాత నాలుగు నెలలు మూడు మందులది. మూత్రం ఎర్రగా వస్తుంది, భయపడొద్దని ముందే చెప్పారు. చెప్పకపోయుంటే బాపు మొదటి రోజే మందులు మానేసేవాడు.

ఇంట్లో అమ్మ బాపు గ్లాసుకు ఎర్రదారం కట్టింది, ఎవరూ పొరపాటున ముట్టుకోవద్దని. గ్లాసుతో, పళ్లెంతో టీబీ అంటుకోదని, దగ్గినప్పుడు గాలిలో వస్తుందని, మందులు మొదలైన రెండు మూడు వారాలకు ఆ భయం కూడా చాలా తగ్గిపోతుందని నేనెన్నిసార్లు చెప్పినా దారం విప్పలేదు. బాపు ఆ గ్లాసు చూసి ఏమీ అనేవాడు కాదు, నీళ్లు తాగి తనే కడిగి బోర్లించేవాడు. ఆసామికి, అంటే సాంచాల యజమానికి, మాత్రం చెప్పొద్దన్నాడు. నిమ్ము అని చెప్పాం.

తిండికని ప్రభుత్వం నెలకు వెయ్యి ఇస్తుంది, ఇంతకుముందు 500 ఉండేది, 2024 నవంబరు నుంచి పెంచారు. మొదట మూడు వేలు, 84 రోజుల తర్వాత ఇంకో మూడు వేలు. మా మొదటి మూడు వేలు రావడానికి రెండు నెలలు పట్టింది. బాపు బ్యాంకు ఖాతా వాడక ఆగిపోయింది. ఆధార్ లింకు చేయిద్దామంటే వేలిముద్ర పడలేదు, ముప్పై ఏళ్లు నూలు పోగులు ముడేసిన వేళ్లు, గీతలే లేవు. "రేపు రండి", "సర్వర్ లేదు", "ఇంకో వేలు పెట్టండి". నేను మూడుసార్లు షాపులో సెలవు పెట్టాను, మూడు రోజుల జీతం కోశారు. ఆ డబ్బులు వచ్చినప్పుడు సంతోషమే, కాదనను. కానీ రోజుకు 33 రూపాయలంటే అర లీటరు పాల ప్యాకెట్టుకే దాదాపు సరిపోతాయి. ఏప్రిల్ నుంచి రేషన్లో సన్నబియ్యం రావడం మాకు నిజంగా ఆసరా అయింది, కూరకే ఇబ్బంది. జార్ఖండ్‌లో టీబీ రోగుల ఇళ్లకు నెలనెలా బియ్యం, పప్పులు ఇచ్చి చేసిన అధ్యయనం ఒకటి 2023లో వచ్చింది. అలా తిండి అందిన ఇళ్లలో మిగతావాళ్లకు టీబీ రావడం దాదాపు 40 శాతం తగ్గిందట. అది చదివాక అమ్మ గిన్నెలో గుడ్డు ఎప్పుడూ ఎందుకు ఉండదో ఆలోచించాను.

జూన్‌లో బాపు మళ్లీ పనికి వెళ్లడం మొదలుపెట్టాడు, ఇంకా కోలుకోలేదని డాక్టర్ చెప్పినా. వడ్డీ ఆగదు కదా. ఒకరోజు గోళీల షీటు చేతిలోకి తీసుకుంటే బరువుగా అనిపించింది. ఒక్కో షీటుకు 28 ఉంటాయి, లెక్కపెడితే మిగలాల్సిన వాటికంటే పదిహేను ఎక్కువున్నాయి. ఐదు రోజుల మందు. గట్టిగా అడిగితే చాలాసేపటికి చెప్పాడు. "గోళీలు వేసుకుంటే ఆకలైతాంది బిడ్డా. రాత్రి షిఫ్టుల ఆకలైతే ఏం తినాలె?"

దానికి నా దగ్గర జవాబు లేదు.

టీబీ సూపర్‌వైజర్‌కు ఫోన్ చేసి చెప్పాను. ఆయన సాయంత్రం ఇంటికొచ్చి, కోప్పడకుండా బాపు పక్కన కూర్చుని, మధ్యలో ఆపితే మందులకు లొంగని టీబీ కావచ్చని, అప్పుడు ఈ మామూలు మందులు పనిచేయవని నెమ్మదిగా చెప్పాడు. తప్పిన రోజులకు చివర్లో కలిపారు. అప్పటి నుంచి అమ్మ తెల్లవారకముందే లేచి రెండు రొట్టెలు ఎక్కువ చేసి బాపు డబ్బాలో పెడుతోంది, ఆ టైం బీడీల్లో తగ్గింది.

దగ్గు రెండు వారాలు దాటితే ముందు తెమడ పరీక్ష చేయించండి, స్కానింగ్ కాదు. బ్యాంకు ఖాతా మందులు మొదలైన రోజే చూసుకోండి. నిక్షయ్ టోల్‌ఫ్రీ నంబరు 1800-11-6666, నేను రెండుసార్లు చేశాను, మాట్లాడారు.

బాపు ఇప్పుడు 50 కిలోలు. గ్లాసుకు దారం అమ్మ దసరాకు విప్పింది. అప్పు ఇంకా 26,000 ఉంది. మార్చిలో మళ్లీ ఒకసారి పరీక్షకు రమ్మన్నారు. రాత్రి షిఫ్టు వారం చూసుకుని వెళ్లాలి, లేకపోతే ఆ రోజు కూలి పోతుంది.