హౌ సౌండ్ రొయ్యల పడవ మీద: తిమింగలానికో లెక్క, స్పంజికకో లెక్క

కెనడాలో వాంకూవర్ పక్కనున్న సముద్రపు పాయ హౌ సౌండ్‌లో రొయ్యల పడవ మీద పనికి కుదిరితే ముందు వినబడేది తిమింగలాల మాటే. హంప్‌బ్యాక్ తిమింగలానికి 100 మీటర్ల ఎడం ఉండాలి. పిల్ల వెంట ఉన్నా, అది కదలకుండా సేదతీరుతున్నా 200. డాల్ఫిన్‌లా ప్రతిధ్వనితో దారి వెతుక్కునే జంతువు కాదది, మేతలో పడితే పడవను పట్టించుకోదు. ఊపిరి ఆవిరి కనబడగానే వేగం తగ్గించాల్సింది మనమే.

దానికి తాడుతోనూ ముప్పే. అడుగున దింపిన ట్రాపును (రొయ్యల బోనును) పైన తేలే బోయాకు కలిపే తాడు వదులుగా ఉంటే నోటికో తోకకో చుట్టుకుంటుంది. అందుకే లోతుకు సరిపడా తాడే కట్టి, పైభాగానికి బరువు వేసి ముంచాలి. చిక్కుకున్న తిమింగలం కనిపిస్తే కత్తి తీయకండి. పైకి కనబడే తాడు కోసేస్తే లోపల బిగిసింది అలాగే ఉండిపోతుంది, శిక్షణ ఉన్నవాళ్లకు పట్టు దొరకదు. వీహెచ్ఎఫ్ రేడియో 16వ ఛానల్‌లో కోస్ట్‌గార్డ్‌కు చెప్పి, దూరం నుంచి కనిపెట్టుకుని ఉండండి.

స్పంజిక (స్పాంజ్) అంటే సముద్రం అడుగున అంటుకుని బతికే జంతువు. దాని గురించి ఇంత ఓపికగా చెప్పేవాళ్లు తక్కువ. జాగ్రత్త దానికే ఎక్కువ కావాలి, తప్పుకుని పోలేదు కదా! ఇక్కడుండే క్లౌడ్ స్పంజిక అనే రకం అస్థిపంజరం సిలికా, అంటే గాజే. చచ్చినవాటి గాజు మీద కొత్తవి మొలిచి, వేల ఏళ్లకు దిబ్బలయ్యాయి. రెండూ నీటిని వడకట్టి బతికేవే: తిమింగలం హెర్రింగ్ చేపలనూ, రొయ్యల్లాంటి చిన్న క్రిల్‌నూ నోటినిండా పట్టి నీళ్లు బయటికి నెడుతుంది, స్పంజిక ఉన్నచోటే నీరు లాగి బాక్టీరియాను తింటుంది. దీనికి నరాలు లేవు. అయినా బురద తగిలితే ఒంట్లో విద్యుత్ సంకేతం పాకి నీరు తోడడం ఆగిపోతుంది. కాబట్టి ట్రాపు దాని మీద పడకపోయినా, పక్కన ఈడ్చి బురద లేపినా దెబ్బే.

కాకినాడ వైపు వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, తర్వాత పడవ కదులుతుంది. ఇక్కడ స్పంజిక దిబ్బల మీద వేట నిషేధం ఏడాది పొడవునా. హౌ సౌండ్‌లో 2019లో వచ్చింది. హద్దులు కంటికి కనబడవు, పడవలోని జీపీఎస్ ప్లాటర్‌లో (దారి చూపే తెరలో) ఎక్కించుకోవాలి. ఒకే తాడుకు కట్టిన ట్రాపులను వరుసగా దింపేటప్పుడు మొదటి ట్రాపు బయట పడినా, పోటు వడికి చివరిది లోపలికి జరగొచ్చు. రెండు కొసలూ చూసుకోండి. లాగేటప్పుడు పడవను సరిగ్గా తాడు మీదికి తెచ్చి నిలువుగా లాగండి. ట్రాపుతో పెళుసైన గాజు ముక్కలు పైకొస్తే ఆ చోటు రాసి పడవ నడిపే స్కిప్పర్‌కు చూపించండి. చేతితొడుగు లేకుండా పట్టుకోవద్దు, సన్నటి ముళ్లు దిగుతాయి.